నలందలో వంట ఎవరు చేశారు

నలందలో ఒక వాకిలి ముందు నిలబడి నేను గట్టిగా మాట్లాడాను. చుట్టుపక్కల మనిషి లేడు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మా ఆయనకు కూడా. నేను రోజూ రాసుకునే పుస్తకంలో ఆనాటి పేజీ తీసి చూస్తే "ఎండ బాగా ఉంది, కాజాలు తిన్నాం" అని మాత్రమే ఉంది. మనుషులు రోజంతా మాట్లాడుతూనే ఉంటారు, అందులో చెప్పుకోవడానికేముంది అంటారేమో. నా సంగతి వేరు. అది తెలియాలంటే ముందు మా పెళ్ళినాటి దర్వాజ దగ్గరికి వెళ్ళాలి.

దర్వాజ

మా వైపు పెళ్ళయి కొత్త జంట ఇంటికి రాగానే ఆడబిడ్డ దర్వాజకు చెయ్యి అడ్డం పెడుతుంది. మొగుడు పెళ్ళాం పేరు, పెళ్ళాం మొగుడి పేరు చెబితేనే చెయ్యి తీస్తుంది. ఎల్లారెడ్డిలో ఆ రోజు మా ఆయన నా పేరు తడుముకోకుండా చెప్పేశారు. నాకు నోరు పెగల్లేదు. పేరు తెలియక కాదు. పదిమంది చూస్తుంటే నా గొంతు నాది కాకుండా పోతుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఆడబిడ్డ నవ్వింది, బతిమాలింది. "దీపాలు పెట్టేదాక గీన్నే నిలబడతవా వదినా" అని బెదిరించింది. చివరికి అత్తమ్మ లోపలి నుంచి వచ్చి, "పొద్దటి సంది ఏం తిన్నదో ఏమో. ఇడువే, కాళ్ళు నొస్తయి" అని కూతురి చెయ్యి పక్కకు తీసింది. అలా జవాబు చెప్పకుండానే నేను ఆ ఇంట్లోకి వచ్చాను. తరువాత కూడా నాతో ఎవరూ పెద్దగా ఏమీ చెప్పించలేదు.

మా పుట్టిల్లు భిక్నూరు. అక్కడ మా బాపు నాకు చదవడం నేర్పాడు. అత్తవారింట్లో వడ్ల గుమ్మి వెనక మనిషి కూర్చునేంత సందు ఉంది. పగలు కూడా చీకటే. అక్కడ చిన్న దీపం పెట్టుకుని, దొరికిన పత్రికా, బెల్లం చుట్టి వచ్చిన కాగితమూ అన్నీ చదివేదాన్ని. ఎవరికీ తెలియదనుకున్నాను.

కామారెడ్డి స్టేషన్

మామ పోయిన మరుసటి ఏడు ఆయనకు గయలో పిండం పెట్టడానికి బయలుదేరాం. అత్తమ్మ, మా ఆయన, నేను. ఎల్లారెడ్డి నుంచి గూడు కట్టిన ఎడ్లబండి, మా కచ్చడం బండిలో ఒళ్ళు హూనమై కామారెడ్డి చేరాం. నలందకు వెళ్ళాలన్నది మా ఆయన ముచ్చట. దాని పక్కనే రాజగిరి ఉంది, అక్కడ వేడి నీళ్ళ గుండాల్లో స్నానం చేయిస్తానని ఆశ పెట్టి అత్తమ్మను ఒప్పించారు.

రైలు ఎంతకూ రాలేదు. ఆ ఖాళీలో మా ఆయన అసలు మాట ఎత్తారు. ఎల్లారెడ్డిలో ఆడపిల్లలకు తెలుగు బడి ఒకటి పెట్టాలని ఆయనా, ఆయన స్నేహితులూ కష్టపడి సర్కారు ఇజాజతు, అంటే అనుమతి, తెచ్చుకున్నారు. బజారు వెనక ఒక ఇంటి అరుగు కూడా దొరికింది. పంతులమ్మ ఉంటేనే పిల్లల్ని పంపుతామని తల్లులు తేల్చి చెప్పారు. ఊళ్ళో చదవడం వచ్చి, ఇల్లు దాటి రాగలిగిన ఆడమనిషి ఇంకెవరూ దొరకలేదు.

"మనామె చెప్పుతది అవ్వా. నువ్వు ఊ అంటే చాలు" అన్నారు. మా వైపు తల్లిని అవ్వ అనే పిలుస్తారు.

అత్తమ్మ సద్ది మూట విప్పుతూ, "ఇంట్ల చదువుకుంటే నేనెప్పుడన్న వద్దన్ననా? బజాట్ల కూసొని చెప్పుడు వేరే. నోరు తెర్వని మనిషిని తీస్కపోయి పోరల నడుమ కూసోవెడతవా?" అంది.

"ఆమెకు ఇష్టమే."

"నువ్వు చెప్పుడు కాదు బిడ్డా. ఆమె చెప్పాలె. ఇంటికి తిరిగొచ్చేదాక చూస్త. ఆమె నోటితోని ఆమె చెప్తే సరే. చెప్పకుంటే గా ముచ్చట మళ్ళ నా ముంగట తేవద్దు."

ఇద్దరూ నా వైపు చూశారు. చెప్పాల్సింది ఒక్క మాట. నేను సద్దిలో ఉల్లిగడ్డ ఏరుతూ కూర్చున్నాను. రైలు వచ్చింది.

మన్మాడు దాటినాక

మన్మాడులో బండి మారాలి. నిజాం రాజ్యం అక్కడ లేదు కాబట్టి మన హాలీ రూపాయి చెల్లదు. బట్టా కింద కొంత పట్టుకుని ఇంగ్లీషు వారి కల్దారు రూపాయలిచ్చే సేటు అరుగు ముందు అత్తమ్మ, "మన రూపాయి మీది చార్మినారు బొమ్మకు ఏం రోగమొచ్చిందట" అని చాలాసేపు గొణిగింది.

పెద్ద బండిలో ఒక మరాఠీ ఆమె మా ఎదురుగా కూర్చుంది. అత్తమ్మ పుట్టిల్లు మరాఠీ ఊళ్ళకు ఆనుకున్న మద్నూరు కావడంతో ఆమెకు మరాఠీ ఇంటి భాషే. ఆమె ఎక్కీ ఎక్కగానే అత్తమ్మ, "జేవలీస్ కా?" అంది. తిన్నవా అని. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. ఆమె తల అడ్డంగా ఊపింది. మా జొన్న రొట్టె అటు పోయింది, ఆమె పచ్చిమిరప తొక్కు ఇటు వచ్చింది. ఆ తరువాతే పేర్లు, పిల్లలు, పంటలు. దారి పొడుగునా అత్తమ్మకు ఇదే అలవాటని అప్పుడు గమనించాను. కూలీ అయినా, సాధువైనా, టిక్కెట్లు చూసే బాబు అయినా మొదటి ప్రశ్న అదే. ఆ బాబుకు మాత్రం కోపం వచ్చింది.

గయ

గయ గురించి విన్నవాళ్ళు చాలామంది ఉంటారు కాబట్టి ఎక్కువ రాయను. ఫల్గుణీ నదిలో నీళ్ళు కనిపించవు. ఇసుకలో చెలమ తవ్వితే ఊరుతాయి. మా మంజీర ఎండాకాలంలో అచ్చం ఇలాగే ఉంటుంది. ఇంత దూరం వచ్చి మన ఏరునే చూసినట్టయింది.

పిండాలయ్యాక, ఇష్టమైన తిండి ఒకటి అక్కడే వదిలేయాలట. మళ్ళీ జన్మలో తినకూడదు. మా ఆయన కాకరకాయ అన్నారు.

"నువ్వు పుట్టిన కాన్నుంచి కాకరకాయ ముట్టింది లేదు. దేవునితోని గూడ బేరమేనా?" అని అత్తమ్మ కసిరింది. తాను సీతాఫలం వదిలింది. సీతాఫలాల కాలంలో అన్నం కూడా వద్దనే మనిషి.

పిండాలు పెట్టించిన పండా నా వైపు తిరిగాడు. నాకు చింతచిగురు గుర్తొచ్చింది, చెగోడీలు గుర్తొచ్చాయి. అతని పక్కన మనుషులు, వెనక మనుషులు, అందరూ నా మాట కోసం ఆగి చూస్తున్నారు. పెదవులు కదిలాయి, మాట రాలేదు. అత్తమ్మ ఒక క్షణం నన్ను చూసి, "దానికేం లేదు తియ్" అని అతణ్ణి పంపించింది. కసరలేదు. కసరితే బాగుండేది. అత్తమ్మ పెట్టిన గడువు సగం అయిపోయినట్టే, నేనింకా పెళ్ళినాటి దర్వాజ దగ్గరే నిలబడి ఉన్నాను.

చిన్న బండి

గయ నుంచి పట్నా వైపు వెళ్ళి, అక్కడి నుంచి బొమ్మ బండి లాంటి చిన్న రైలు ఎక్కాం. అది బాట పక్కనే నడుస్తుంది. మేకలు అడ్డం వస్తే ఆగుతుంది. ఒక చోట ఎవరో కేక వేస్తే కూడా ఆగింది. సిలావ్ అనే ఊరి కాజాలు గంపల్లో ఎక్కుతాయి. మన కాజాలా పాకం కారదు, పొరలు పొరలుగా పెళుసుగా ఉంటుంది, నోట్లో పెడితే పొడి అవుతుంది. రెండు అణాలకు గంపలో సగం ఇచ్చాడని మాకు అనిపించింది.

అక్కడే ఒక అవస్థ జరిగింది. పక్కనున్న రైతు ఒకాయన సత్తు పిండి తింటున్నాడు. బతుకమ్మకు మేము చేసే తీపి సత్తు మాకు తెలిసినదే కాబట్టి అత్తమ్మ సంతోషంగా కొంత కొనిపించి, మా బెల్లం ముక్క చితక్కొట్టి కలిపింది. తీరా చూస్తే అది ఉప్పు, కారం కలిపిన శనగ సత్తు. మా ముగ్గురి ముఖాలు చూసి ఆ రైతు తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పారేయడం అత్తమ్మకు తెలియదు. "కొత్త రుచి" అని మాతో మొత్తం తినిపించింది.

నలంద

స్టేషన్ నుంచి కొంత దూరం వరిపొలాల మధ్య నడక. ఆ తరువాత ఎర్రటి ఇటుక గోడలు. మట్టి దిబ్బల్లో దొరికిన వాటిని సర్కారు వాళ్ళు తవ్వి తీసి, కూలిన చోట మరమ్మతు చేయించారు. పైకప్పులు లేవు. ఆకాశమే కప్పు. ఒక్కొక్కటీ ఒకే తీరు: నడుమ పెద్ద ఖాళీ జాగా, అందులో బావి, చుట్టూ చిన్న చిన్న గదులు. గదిలో పడుకోవడానికి ఇటుకల అరుగు, గోడలో గూళ్ళు.

మా ఆయన నడుస్తూ చెప్పుకుపోతున్నారు. వేల మంది చదివేవారట. ఎక్కడో చీనా నుంచి కొండలూ ఎడారులూ దాటి వచ్చేవారట. నీళ్ళ తొట్టిలో అడుగున చిల్లున్న రాగి గిన్నె తేలవేసేవారట. అది నిండి మునిగినప్పుడల్లా డోలు కొట్టేవారు, దాన్ని బట్టి పాఠం, స్నానం, భోజనం. గంట మోగితే వందల మంది బట్టలు చంకన పెట్టుకుని చెరువుల వైపు వెళ్ళేవారు.

అత్తమ్మ ఇవన్నీ వింటూ చుట్టూ వెతుకుతోంది. కాపలా ఉన్న ముసలి చప్రాసీ, ఏం వెతుకుతున్నావు మాయీ అని అడిగాడు.

"చూలా కిధర్ హై?" అంది మా దక్కనీ ఉర్దూలో. పొయ్యి ఎక్కడ అని.

అతను నవ్వాడు. ఇందరు బాబులు వచ్చారు, ఒక్కరూ పొయ్యి అడగలేదన్నాడు. అలాంటి ఒక జాగాలో నేలలోకి కట్టిన పొయ్యిలు చూపించాడు. అత్తమ్మ గొంతుక్కూర్చుని లోపల చెయ్యి పెట్టి చూసింది. మా ఇంట్లో కోతలప్పుడు కూలీలందరికీ అంబలి, అన్నం ఆమె చేతి మీదుగానే నడుస్తాయి.

"గీ పొయ్యిల మీద వేల మందికి ఎల్లదు. వంటిల్లు వేరే ఉండాలె" అంది. "ఎవలు వండిండ్రు? ఎవలి బియ్యం?"

"భిక్షువులు కదా అవ్వా, బిచ్చం ఎత్తుకునేటోళ్ళు" అన్నారు మా ఆయన.

"గంత మందికి దినాం బిచ్చం ఏసే ఊరు ఏ దేశంల ఉన్నదిరా?"

ఆయన నవ్వేశారు. అది కాదని నాకు తెలుసు. గుమ్మి వెనక ఒక పాత మాసపత్రికలో చదివాను. జవాబు నాలుక చివర ఉంది. నేను గోడ వైపు తిరిగి గూళ్ళు చూస్తున్నట్టు నిలబడ్డాను. అత్తమ్మ కూడా వచ్చి పక్కన నిలబడింది. మసి పట్టిన ఒక చిన్న గూట్లో చెయ్యి పెట్టి కొలిచినట్టు చూసి, "మన గుమ్మి ఎనుక నువ్వు దీపం పెట్టుకునే గూడు గూడ గింతే ఉంటది" అంది.

గుమ్మి వెనక సంగతి ఆమెకు ఎప్పటి నుంచో తెలుసన్న మాట. ఆమె బావి చూడటానికి వెళ్ళిపోయింది.

వాకిలి

మా ఆయన చెప్పిన వాటిలో ఒకటి నన్ను వదల్లేదు. ఇక్కడ ద్వారం దగ్గర ఒక పండితుడు కూర్చునేవాడట. వచ్చినవాడు అతని ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెబితే లోపలికి, లేకుంటే వచ్చిన దారినే వెనక్కి. పదిమందిలో ఏడెనిమిది మంది వెనక్కి పోయేవారట. లోపలికి వెళ్ళినవారి పేర్లు గ్రంథాల్లో ఉన్నాయి. నాకు వెనక్కి పోయినవారి మీదికే మనసు పోయింది. వారిలో తెలియనివాడు ఎవరు, తెలిసీ గొంతు పెగలనివాడు ఎవరు? నెలల తరబడి నడిచి వచ్చి, ఒక్క పూటలో వెనక్కి తిరిగినవాడు మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నాడు?

నేను ఆ కాలంలో వచ్చి ఉంటే ప్రశ్న దాకా కూడా రానిచ్చేవారు కాదు. అక్కడి గదుల్లో ఆడవాళ్ళకు చోటు ఉన్నట్టు నేను ఎక్కడా చదవలేదు.

అత్తమ్మా, మా ఆయనా దూరంగా ఇంకో కట్టడంలోకి వెళ్ళారు. చప్రాసీ నీడ చూసుకుని కూర్చున్నాడు. ఒక కట్టడం వాకిలి ముందు నేనొక్కదాన్నే ఉన్నాను. రెండు పక్కలా ఇటుక గోడ, నడుమ గడప. గడప అవతల ఎండ తప్ప ఏమీ లేదు. గడప దాటకుండా ఆగాను. పండితుడి తరఫున నేనే అడిగాను, గట్టిగా: "ఎవరు నువ్వు? ఏం కావాలి?"

గోడ మీది చిలకలు లేచిపోయాయి. నా గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పారిపోదామనిపించింది. పారిపోతే వెనక్కి పోయినవారిలో చేరతాను కదా అనిపించింది.

"భిక్నూరు పిల్లను. ఎల్లారెడ్డి కోడలిని. ఆడపిల్లలకు అక్షరాలు చెప్పాలని ఉంది. నాకే ఉంది. ఎవరూ చెప్పమంటే కాదు."

అంతే. ఇంత చిన్న మాట. ఆ తరువాత గడప దాటి లోపలికి వెళ్ళి బావిలోకి తొంగి చూసి వచ్చాను.

మాడిన బియ్యం

తవ్వకాల్లో దొరికినవన్నీ పక్కనే ఒక ఇంట్లో పెట్టారు. కంచు బుద్ధులు, మట్టి ముద్రలు. అన్నిటి నడుమ ఒక అద్దాల పెట్టెలో గుప్పెడు నల్లటి గింజలు. ఎప్పుడో మంటల్లో కాలిన బియ్యమట.

అంతవరకు ఏ విగ్రహం ముందూ ఆగని అత్తమ్మ దాని ముందు ఆగిపోయింది. చెంగు సవరించుకుని చేతులు జోడించింది. కొంతసేపటికి, "ఎవలి బియ్యమో చెప్పకపోతివి" అంది కొడుకుతో.

"చుట్టుపక్కల ఊళ్ళవి, అత్తమ్మా."

అది నేను. మా ఆయన గిర్రున తిరిగి చూశారు.

"రాజు వంద ఊళ్ళు దీనికి రాసిచ్చిండట. ఆ ఊళ్ళ ఇండ్ల నుంచి దినాం బియ్యం, పాలు, వెన్న వచ్చేవట. చదివేటోళ్ళు తిండి కోసం బయటికి పోకుండా."

"జాగీరు అన్నట్టు" అంది అత్తమ్మ, ఆశ్చర్యం ఏమీ లేనట్టు. "గా బియ్యం పంపినోళ్ళ పోరలు ఈడ చదివిండ్రా?"

"పత్రికల అది రాయలేదు."

"వాకిట్ల నుంచి ఎనుకకు పంపినోళ్ళకు గింత బువ్వన్న పెట్టిండ్రా?"

"అది గూడ రాయలేదు."

"ఎందుకు రాస్తరు? తిన్నోళ్ళు గద రాసిండ్రు."

నేను ఇప్పటికీ ఆ మాట గురించి ఆలోచిస్తుంటాను. నలంద గొప్పది కాదని కాదు. అంత చదువు అన్ని వందల ఏళ్ళు నడిచిందంటే, ఎవరో తెల్లవారకముందే లేచి వరి దంచారు, పాలు పితికారు, బండ్లు కట్టారు. గిన్నె మునగడం, డోలు మోగడం, పండితులు వాదించుకోవడం అన్నీ దాని మీదే నిలబడ్డాయి. దంచినవారు మిగలలేదు. వారి బియ్యం మిగిలింది, అదీ కాలి.

ఎల్లారెడ్డి

రాజగిరి వేడి గుండాల్లో అత్తమ్మ మోకాళ్ళ నొప్పులు సగం పోయాయట. తిరుగు దారిలో ఆమె బడి ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. చూసే కళ్ళు లేనిచోట ఒకసారి గొంతు లేవడం, అద్దాల పెట్టె ముందు నాలుగు మాటలు చెప్పడం ఒకటి. నాకు కావాల్సింది నేనే అడగడం ఇంకొకటి. కామారెడ్డిలో దిగాం. మళ్ళీ కచ్చడం బండి.

గయ నుంచి వచ్చినవాళ్ళ కాళ్ళు కడిగి లోపలికి పిలవడం మా వాడుక. ఇంటి ముందు వాడకట్టు ఆడవాళ్ళంతా చేరారు. ఆడబిడ్డ చెంబుతో నీళ్ళు పోసింది. ముందు అత్తమ్మ కాళ్ళు కడిగించుకుని గడప దాటింది. దాటి, ఇటు తిరిగి, దర్వాజకు చెయ్యి అడ్డం పెట్టింది.

ఆడవాళ్ళు నవ్వారు. ఆట అనుకున్నారు.

"పెండ్లినాడు నేనే ఇడిపిచ్చిన" అంది అత్తమ్మ నాతో. "ఇయ్యాల ఇడిపియ్య. చెప్పు. నీకేం కావాలె?"

"గా మూగామెను ఏం సతాయిస్తవ్ పెద్దమ్మా" అని వెనక నుంచి ఎవరో అన్నారు. మా ఆయన నోరు తెరవబోతే అత్తమ్మ కన్నెత్తి చూసింది. ఆయన మూట దించుకునే పనిలో పడ్డారు.

ఆమె చేతి అవతల మా ఇంటి లోపలి వాకిలి, దాని మీద పడ్డ ఎండ కనిపించింది.

"ఆడపిల్లలకు చదువు చెప్పాలని ఉంది అత్తమ్మా."

"ఇనవడలె."

"ఆడపిల్లలకు చదువు చెప్పుత." ఈసారి నా గొంతు పక్కింటి గోడ దాకా వెళ్ళింది. "ఆయన చెప్పమంటే కాదు. నాకే కావాలె."

ఎవరూ నవ్వలేదు. ఆడబిడ్డ చెంబు వంచిన చెయ్యి అలాగే ఉండిపోయి నీళ్ళు నేల పాలవుతున్నాయి. అత్తమ్మ నన్ను పైనుంచి కింది దాకా చూసింది, వడ్లు చూసినట్టు. తరువాత చెయ్యి తీసి, పక్కకు జరిగి, నేను గడప దాటుతుంటే అంది:

"రేపు పొయ్యేటప్పుడు సద్ది రెండు మూటలు కట్టుకపో. వాకిట్లకు ఏ పోరి వచ్చినా ముందుగాల తిన్నవా అని అడుగు. అటెన్క నువ్వేం అడుగుతవో అడుగు."